చిన్న సీపీయూకి గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? ఎత్తు, వాట్లు, వీడియో ఇంజిన్.. ఈ మూడూ చూశాకే డబ్బు కట్టండి!

అన్నవరం: ముహూర్తాలు మొదలైతే చాలు.. రత్నగిరి కొండ పెళ్లిళ్లతో కిటకిటలాడుతుంది. ఆ వెంటే వీడియోగ్రాఫర్లకు ఎడిటింగ్ పని మొదలవుతుంది. కెమెరా 4కేకి మారినా, టేబుల్ మీద ఉన్నది ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ చిన్న సీపీయూ అయితే వీడియో ఆగి ఆగి కదులుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే చాలని షాపుకు వెళతాం. కానీ పెట్టెలో పట్టని కార్డు, పట్టినా పనికిరాని కార్డు కొంటే డబ్బు దండగే.

ముందు టేపు తీయండి

మామూలు కార్డు బిగించే పట్టీ ఎత్తు దాదాపు 12 సెం.మీ. చిన్న సీపీయూలో పట్టేది 8 సెం.మీ. మాత్రమే. వీటినే 'లో ప్రొఫైల్' కార్డులు అంటారు. పొట్టి పట్టీ డబ్బాలో ఉందో లేదో అడగండి. మందం కూడా ముఖ్యం. కొన్ని కార్డులు రెండు స్లాట్ల చోటు తీసుకుంటాయి.

కరెంటు సంగతేంటి?

ఇలాంటి సీపీయూల్లో పవర్ సప్లై సాధారణంగా 180 నుంచి 260 వాట్లే. కార్డుకు విడిగా పవర్ వైరు ఉండదు. స్లాటు నుంచి గరిష్ఠంగా వచ్చేది 75 వాట్లు. కాబట్టి అంతకు లోపు నడిచే కార్డే కావాలి. కొన్ని మోడళ్లలో స్లాటు పరిమితి ఇంకా తక్కువ, మాన్యువల్ చూసుకోండి.

ఏ కార్డు దేనికి?

జీటీ 1030: 30 వాట్లు. సినిమాలు చూడటానికి ఓకే. వీడియో ఎక్స్‌పోర్ట్‌కు తోడ్పడే ఎన్‌కోడర్ ఇందులో లేదు. పైగా ఒకే పేరుతో రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 రకం మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, డీడీఆర్4 రకానిది 17 జీబీ లోపే. డబ్బా మీద చదివి తీసుకోండి.

ఆర్ఎక్స్ 6400: 53 వాట్లు, 4 జీబీ. చిన్న గేములకు బాగుంటుంది. దీనికీ ఎన్‌కోడర్ లేదు. ఏవీ1 వీడియోలనూ డీకోడ్ చేయలేదు. పాత పీసీఐఈ 3.0 బోర్డుల్లో వేగం తగ్గుతుంది.

ఆర్క్ ఏ310: 4 జీబీ. గేముల్లో సాదాసీదానే, వీడియో పనిలో మాత్రం గట్టిది. ఏవీ1 ఎన్‌కోడింగ్ ఉంది. కొత్త కెమెరాల 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ ఫైళ్లను కార్డే డీకోడ్ చేస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని సపోర్ట్ చేయాలి. రీసైజబుల్ బార్ లేని పాత పీసీల్లో గేములు మందగిస్తాయి.

ఆర్టీఎక్స్ 3050 6 జీబీ: 2024లో వచ్చింది. 70 వాట్లు. వీటిలో గేములకు ఇదే మేటి. ఎన్‌కోడర్ ఉంది. కానీ ఆ 4:2:2 హెచ్ఈవీసీ ఫైళ్లను డీకోడ్ చేయలేదు. లో ప్రొఫైల్ రకం ఉన్నా ఎక్కువగా రెండు స్లాట్ల మందమే.

టీవీకి పెట్టుకోవడానికేనా?

అయితే కార్డు అవసరం లేకపోవచ్చు. 7వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్సే 10 బిట్ హెచ్ఈవీసీ 4కే సినిమాలను ఆడిస్తుంది.

ఎడిటింగ్‌కే అయితే ఒక చిట్కా. మీ కెమెరాలోని ఒక ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, వీలైతే షాపులో ఆ కార్డు మీదే మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడించండి. టాస్క్ మేనేజర్‌లో 'వీడియో డీకోడ్' గ్రాఫ్ కదిలితే కార్డు పని చేస్తున్నట్టు. ప్రాసెసర్ ఒక్కటే 100 శాతానికి ఎగబాకితే ఆ కార్డు మీ పనికి కాదు.