ఇంటిపేరు చెప్పునది సగము కథ

డోన్ పట్టణములో ఏ పాఠశాల హాజరు పట్టీని తెరచి చూచినను చాలమంది విద్యార్థుల పేర్లకు ముందు ఒకటి రెండు పొడి అక్షరములు కనిపించును. ఆ అక్షరము వెనుక ఒక ఊరు ఉండవచ్చును, ఒక వృత్తి ఉండవచ్చును, ఎన్నడో జీవించిన ఒక పూర్వికుని పేరు ఉండవచ్చును. ఇంటిపేరు చిన్న మాటయే. కాని పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు పెద్దలు ముందుగా అడుగువానిలో అదియొకటి. ఇంటిపేరు ఒకటే యైనచో సంబంధము వద్దందురు. వేరైనచో అడ్డు లేదందురు. ఈ మాట ఎంతవరకు సరియైనది? ఇంటిపేర్లు ఎట్లు పుట్టినవో తెలిసికొన్నచో దీనికి సమాధానము దొరకును.

మన ఇంటిపేర్లలో ఊరిపేర్లు మిక్కిలి ఎక్కువ. డోన్‌కు పాతపేరు ద్రోణాచలము. ఒక కుటుంబము ఇచ్చటనుండి మరియొక ఊరికి తరలిపోయినదనుకొందము. అచ్చటివారు వారిని "ద్రోణాచలమువారు" అని గుర్తించుట సహజము. డోన్‌లోనే ఉన్నవారిని అట్లు పిలువవలసిన పని లేదు, అందరును ఆ ఊరివారే గదా! కనుక ఊరిపేరైన ఇంటిపేరు సాధారణముగా పూర్వికులు విడిచివచ్చిన ఊరిని తెలుపును. ఈ పేర్లలో వ్యాకరణము కూడ పనిచేసినది. ఊరు అను మాట 'ఊరి' యగును. కందుకూరు నుండి కందుకూరి, వేటూరు నుండి వేటూరి, చిలుకూరు నుండి చిలుకూరి వచ్చినవి. 1928లో నంద్యాల సభలో ఈ సీమకు 'రాయలసీమ' యను పేరు సూచించిన పండితుడు చిలుకూరి నారాయణరావు. కొన్ని ఊరిపేర్లు మార్పు లేకయే నిలిచినవి. రాజంపేట దగ్గరి తాళ్ళపాక గ్రామము పేరే అన్నమాచార్యుని ఇంటిపేరు.

ఒక్కొక్కప్పుడు ఊరిపేరు అసలు ఇంటిపేరును మరుగుపరచును. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి, 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన నరసింహారెడ్డిని మనమందరము 'ఉయ్యాలవాడ' నరసింహారెడ్డి అందుము. ఉయ్యాలవాడ ఊరిపేరు. వారి ఇంటిపేరు మజ్జారి.

వృత్తినిబట్టి, పదవినిబట్టి వచ్చిన పేర్లు మరికొన్ని. గ్రామలెక్కలు వ్రాసిన ఉద్యోగి కరణము. ఆంధ్రప్రదేశ్‌లో కరణముల పదవి 1984లో రద్దయినది. కాని 'కరణం' ఇంటిపేరుగా నిలిచియే యున్నది. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తి కాంస్యపతకము గెలిచిన కరణం మల్లీశ్వరి పేరులో దానిని చూడవచ్చును. పదవి పోయినను పేరు పోదు.

ఇంటిపేరునకు నిఘంటువులో అర్థము వెదకునప్పుడు జాగ్రత్త అవసరము. 1962లో డోన్ నియోజకవర్గము నుండి శాసనసభకు ఎన్నికై, ముఖ్యమంత్రి యైన సంజీవరెడ్డి ఇంటిపేరు నీలం. నీలమనగా ఒక రంగు, ఒక మణి. నిఘంటువు మాటకు అర్థము చెప్పునే గాని, ఆ మాట ఆ కుటుంబమునకు ఎట్లు అబ్బినదో చెప్పజాలదు. ఇక 'రెడ్డి' ఇంటిపేరే కాదు. అయినను ఇంగ్లీషు పత్రికలు ఆయనను 'రెడ్డి' అనియే వ్రాసెడివి. పేరులో చివరిమాట వంశనామమనుట ఐరోపా వారి అలవాటు. మనకు వంశనామము ముందుండును.

ఇప్పుడు స్పెయిన్ దేశపు పేర్లను చూతము. అచ్చట తండ్రిపేరు నుండి పుట్టిన ఇంటిపేర్లు ఎక్కువ. చివర 'ఎజ్' అని చేర్చినచో 'కుమారుడు' అను భావము వచ్చును. ఫెర్నాండో కుమారుడు ఫెర్నాండెజ్, గొంజాలో కుమారుడు గొంజాలెజ్. నాడు వాడుకలో నున్న పురుషుల పేర్లు కొద్ది. ఒక్కొక్క ఊరిలోను ఫెర్నాండోలు ఉండిరి. కనుక ఫెర్నాండెజ్ అను ఇంటిపేరు ఒకచోట పుట్టి వ్యాపించినది కాదు, అనేక చోట్ల విడివిడిగా పుట్టినది. కొన్ని ఇంటిపేర్లు లక్షలమందికి ఉండుటకు ఇది ముఖ్య కారణము. స్పెయిన్‌లో అన్నిటికంటె ఎక్కువమందికి గల ఇంటిపేరు గార్సియా. అదియు మొదట ఒక మనిషి పేరే. ఫిలిప్పీన్ దీవులలో మరియొక కారణము కలదు. అచ్చటి స్పానిష్ గవర్నరు క్లావేరియా 1849లో ఒక ఆజ్ఞ వెలువరించి, పేర్ల పట్టికనుండి ప్రజలకు ఇంటిపేర్లు పంచిపెట్టించెను. పన్నుల లెక్కలు కుదురుటకు చేసిన యేర్పాటు అది.

దీనినిబట్టి మొదటి పాఠము తేలినది: ఇంటిపేరు ఒకటియైనంత మాత్రమున రక్తము ఒకటి కానక్కరలేదు. ఒకే ఊరినుండి వేరువేరు కాలములలో వెడలిన రెండు కుటుంబములకు ఒకే ఇంటిపేరు రావచ్చును.

రెండవ పాఠము మరింత ముఖ్యమైనది: ఇంటిపేరు వేరైనంత మాత్రమున రక్తము వేరు కాదు. ఇంటిపేరు తండ్రినుండి కుమారునికి సాగును. స్త్రీ వివాహముతో భర్త ఇంటిపేరు పొందును. అన్నకు కూతురు, చెల్లెలికి కొడుకు ఉన్నారనుకొనుడు. ఇద్దరి ఇంటిపేర్లు వేరు. కాని అమ్మాయికి నాన్నమ్మ, తాత యైనవారే అబ్బాయికి అమ్మమ్మ, తాత. ఇదియే మేనరికము. వరస కుదురుట వేరు, రక్తము దూరమగుట వేరు.

ఈ చిక్కు ఇంగ్లాండులోను కనబడినది. చార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెండ్లాడెను. ఆమె ఆయన మేనమామ కుమార్తె. వారి కుమారుడు జార్జి డార్విన్ 1875లో, వధూవరుల ఇంటిపేర్లు ఒకటేయైన వివాహములను లెక్కించి, దానినిబట్టి దేశములోని దగ్గర బంధువుల వివాహములను అంచనా వేసెను. అన్నదమ్ముల పిల్లల మధ్య పెండ్లి అచ్చట సమ్మతము గనుక ఆ లెక్క సాగినది. పేర్లు వేరైన బంధువులకై ఆయన వేరుగా సవరణ చేయవలసివచ్చినది. తన తలిదండ్రుల వివాహమే అట్టిది! తెలుగు హిందూ కుటుంబములలో అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెండ్రే. ఆ లెక్క ఇచ్చట వేసినచో జవాబు దాదాపు సున్న వచ్చును, మేనరికములు మాత్రము ఉండనే యుండును.

స్పానిష్ పద్ధతిలో బిడ్డకు తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు రెండును ఉండును. 1982లో నోబెల్ బహుమతి పొందిన గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ పేరులో గార్సియా తండ్రిది, మార్క్వెజ్ తల్లిది. మన మేనరికపు జంటకు ఆ పద్ధతిలో పేర్లు పెట్టినచో అబ్బాయి రెండవ పేరు, అమ్మాయి మొదటి పేరు ఒకటే యగును. బంధుత్వము పైకి కనబడును. అయితే మనుమల కాలమునకు అచ్చటను తల్లివైపు పేర్లు జారిపోవును.

ఈ విషయము ఆరోగ్యమునకు సంబంధించినది. కొన్ని వ్యాధులలో లోపము గల జన్యువు ఒకరినుండి మాత్రమే వచ్చినచో వ్యాధి రాదు, తలిదండ్రు లిద్దరినుండియు వచ్చినచో వచ్చును. తలసీమియా ఇట్టిది. ఆ జన్యువు ఇద్దరిలోను ఉన్నచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. మేనబావ మరదళ్లకు ఉమ్మడి పూర్వికులనుండి వచ్చిన జన్యువులు సగటున ఎనిమిదింట ఒక వంతు సమానము. మేనమామ, మేనకోడలు నడుమ నాలుగింట ఒక వంతు. కనుక ఒకే లోపము ఇద్దరిలోను ఉండు అవకాశము బయటి సంబంధముకంటె హెచ్చు. మేనరికపు బిడ్డలలో ఎక్కువమంది ఆరోగ్యముగనే పుట్టుదురు. అయినను కుటుంబములో అట్టి వ్యాధి ఉన్నచో పెండ్లికి ముందే వైద్యుని సంప్రదించి రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

విద్యార్థులు ఇంటివద్ద ఒక చిన్న పని చేయవచ్చును. ఒక కాగితముపై నలుగురి పుట్టింటి పేర్లు వ్రాయుడు: నాన్న తండ్రి, నాన్న తల్లి, అమ్మ తండ్రి, అమ్మ తల్లి. ఒక పేరు రెండుసార్లు వచ్చినచో ఆ యిద్దరును తోబుట్టువులా, లేక ఒకే పేరు గల వేరు కుటుంబములవారా అని పెద్దలను అడుగుడు. ఉపాధ్యాయులు ఈ కాగితములను తరగతిలో చదివింపవలదు, అది ఎవరి ఇంటి విషయము వారిది. హాజరు పట్టీలోని పొడి అక్షరము ఆ నలుగురిలో ఒక్కరి పేరునే తెలుపును. మిగిలిన ముగ్గురి పేర్లు తెలిసిన పెద్దలు ఇంటిలో ఉండగనే అడిగి వ్రాసి యుంచుకొనుట మంచిది.