ఆకాశం నుంచి మంచు మందం కొలిచేదెలా?

సూళ్ళూరుపేట: షార్ నుంచి రాకెట్టు ఎగిరిందంటే పులికాట్ ఒడ్డున, తడ రోడ్డు మీద జనం గుమిగూడటం మన ప్రాంతంలో మామూలే. పొగ చెదిరిపోగానే ఎవరి పనుల్లోకి వారు వెళ్ళిపోతారు. పైకి పోయిన ఉపగ్రహం ఆ తరువాత ఏం చేస్తున్నదని అడిగేవారు తక్కువ.

2013 ఫిబ్రవరి 25 సాయంత్రం 6 గంటల 1 నిమిషానికి పి.ఎస్.ఎల్.వి. సి-20 రాకెట్టు శ్రీహరికోట నుంచి ఏడు ఉపగ్రహాలను మోసుకుపోయింది. ఆనాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ స్వయంగా వచ్చి చూశారు. ఆ ఏడింటిలో ఒకదాని పేరు 'సరళ్'. భారత్, ఫ్రాన్సు దేశాలు కలిసి తయారుచేసినది. సముద్రమట్టం కొలవటం దాని పని. అయితే మనకు వేల కిలోమీటర్ల దూరాన, ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్ సముద్రంలో తేలే మంచు లెక్కకు కూడా అది అక్కరకు వచ్చింది. ఆ లెక్క కట్టే విద్యకు లండన్ యూనివర్శిటీ కాలేజీ పుట్టిల్లు వంటిది. అక్కడ డాక్టరేటు కోసం చదివిన కొందరు విద్యార్థులు ఏళ్ళ తరబడి కూర్చుని దానిని సాధించారు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ధ్రువాల మంచు కరిగితే మన తీర గ్రామాలు మునుగుతాయని అందరూ అంటుంటారు. అందులో సగమే నిజం. గ్లాసు నిండా నీళ్ళు పోసి ఐసుముక్క వేసి ఉంచండి. ముక్క పూర్తిగా కరిగినా నీరు పొర్లిపోదు. సముద్రపు నీరే గడ్డకట్టి, ఆ నీటి మీదనే తేలే మంచు కరిగినా దాదాపు అంతే. మట్టం పెంచేది గ్రీన్లాండ్, అంటార్కిటికా వంటి చోట్ల నేలమీద పేరుకున్న మంచు. అది వేరే లెక్క.

మరి తేలే మంచుతో మనకేం పని అంటారా? తెల్లటి మంచు ఎండను వెనక్కు కొట్టేస్తుంది. అది పోతే కింద ఉన్న నల్లటి నీరు ఆ ఎండను తాగి వేడెక్కుతుంది. వేడెక్కిన నీరు మరింత మంచును కరిగిస్తుంది. దీని ప్రభావం ఆ ప్రాంతంతో ఆగదు, గాలుల మీద పడుతుంది.

ఆర్కిటిక్ మంచు ఏటా చలికాలంలో పెరిగి, సెప్టెంబరు నాటికి బాగా తగ్గుతుంది. 1979 సెప్టెంబరులో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లలో ఉన్న మంచు 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది. అంటే దగ్గర దగ్గర మన దేశమంత వైశాల్యం మిగిలి, అంతకంటె ఎక్కువే పోయిందన్నమాట. ఈ వైశాల్యం లెక్కలు 1978 అక్టోబరులో వెళ్ళిన నింబస్-7 అనే అమెరికా ఉపగ్రహం నాటి నుంచి వరుసగా ఉన్నాయి. మంచు, నీరు సహజంగా వెలువరించే సూక్ష్మ తరంగాలను అది పట్టేది. ఆరునెలల చీకటి గాని, మబ్బులు గాని దానికి అడ్డు కావు.

కాని వైశాల్యం తెలిసినంత మాత్రాన సరిపోదు. కళ్ళంలో ధాన్యం ఎంత మేర పరిచారో చూసి ఎన్ని పుట్లో చెప్పగలమా? ఎంత ఎత్తున పోశారో చూడాలి. మంచు సంగతీ అంతే. పూర్వం మందం తెలియాలంటే మంచుకు కన్నం వేయాలి, లేదా అడుగున పోయే జలాంతర్గాములు శబ్దతరంగాలతో కొలవాలి. ఆ జలాంతర్గాములు నౌకాదళాలవి. వాటి లెక్కలు చాలాకాలం రహస్యంగా ఉండేవి.

ప్రతిధ్వనిలో తేడా

సేమూర్ లాక్సన్ అనే యువకుడు 1980లలో ఈ పని మీద డాక్టరేటుకు కూర్చున్నాడు. ఉపగ్రహంలోని రాడార్ కిందకు ఒక సంకేతం పంపుతుంది. అది తగిలి తిరిగి రావటానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. 717 కిలోమీటర్ల ఎత్తు నుంచి పోయిరావటానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు అయిదు కూడా కాదు. అంత స్వల్పకాలాన్ని కొలిచి, అందులో సెంటీమీటర్లను పట్టాలి.

మంచు పలకల మధ్య పగుళ్ళు ఉంటాయి. ఆ పగుళ్ళలో నీరు అలలు లేకుండా నిశ్చలంగా ఉంటుంది. దానినుంచి వచ్చే ప్రతిధ్వని, అద్దం మీద పడిన ఎండ కంట్లోకి కొట్టినట్టు, సూటిగా తగులుతుంది. మంచు పలక గరుకు. దాని ప్రతిధ్వని చెదిరి వస్తుంది. ఈ రెండింటినీ విడదీయగలిగితే నీటిమట్టం ఎంతో, మంచు పైభాగం ఎంతో విడివిడిగా తెలుస్తాయి. రెండింటి తేడాయే మంచు నీటిపైకి తేలిన ఎత్తు. సముద్రపు మంచులో సుమారు పదో వంతే పైకి తేలుతుంది. పైన 20 సెంటీమీటర్లు కనిపిస్తే మొత్తం మందం సుమారు రెండు మీటర్లు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. పైన ఒక్క సెంటీమీటరు తప్పు పోతే మందంలో పది సెంటీమీటర్లు తప్పుతుంది.

1993 నుంచి 2001 వరకు ఐరోపా ఉపగ్రహాలు పంపిన సంకేతాలతో లాక్సన్ బృందం మందం లెక్కకట్టి 2003లో ప్రకటించింది. మంచు మందం ఏటేటా అందరూ అనుకున్నదానికంటె ఎక్కువగా మారుతున్నదనీ, వేసవిలో కరిగే రోజులు ఎన్ని ఉన్నాయన్నదే అందులో ముఖ్యమనీ తేలింది. ఆ ఉపగ్రహాలు 81.5 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరానికి పోలేవు. ధ్రువానికి ఇంకా దగ్గరగా పోవటానికి అదే కాలేజీ ఆచార్యుడు డంకన్ వింగ్‌హామ్ నాయకత్వాన 'క్రయోశాట్' రూపొందింది. 2005 అక్టోబరు 8న రష్యాలో దానిని ప్రయోగించారు. రాకెట్టు విఫలమైంది. ఏ సముద్రాన్ని కొలవాలని వెళ్ళిందో ఆ సముద్రంలోనే పడిపోయింది. మళ్ళీ తయారుచేసి 2010 ఏప్రిల్ 8న క్రయోశాట్-2ను పైకి పంపారు.

కేథరిన్ జైల్స్ ఈ లాక్సన్ శిష్యురాలు. 2002 మేలో గ్రీన్లాండ్, స్వాల్‌బార్డ్ దీవుల మధ్య ఫ్రామ్ జలసంధి మీద విమానంలో లేజరును, రాడార్‌ను కలిపి పంపి తీసుకున్న కొలతలను ఆమె పరిశీలించారు. లేజరు కాంతి గడ్డమంచు మీద కురిసి ఉన్న మెత్తటి మంచు పైననే ఆగి తిరిగివస్తుంది. రాడార్ తరంగం ఆ మెత్తటి పొరలోకి దిగి పోతుంది. ఆ పొర ఎంత మందమో తెలియనిదే అడుగున గడ్డ సంగతి సరిగా తేలదు. 2007 వేసవిలో మంచు భారీగా కరిగిన తరువాతి చలికాలంలో మందం అంతకుముందు చలికాలాల సగటుకంటె 26 సెంటీమీటర్లు తగ్గిందని 2008లో జైల్స్ బృందం లెక్కతేల్చింది. పశ్చిమ ఆర్కిటిక్‌లో ఆ తగ్గుదల 49 సెంటీమీటర్లు.

2013వ సంవత్సరం ఈ బృందానికి కలిసిరాలేదు. మెట్లమీదనుంచి పడిన లాక్సన్ జనవరి 2న మరణించారు. ఆయనకు 49 ఏళ్ళు. క్రయోశాట్-2 కొలతలతో ఆయన పేరు ముందుండి రాసిన వ్యాసం ఆయన పోయాక ఫిబ్రవరిలో అచ్చయింది. 2003-08 మధ్య ఉన్నదానితో పోలిస్తే 2010-12 శరత్కాలాలలో మంచు పరిమాణం 36 శాతం, అంటే దాదాపు 4,300 ఘన కిలోమీటర్లు తగ్గిందని అందులో ఉంది. ఆ వ్యాసం రాసినవారిలో జైల్స్ కూడా ఒకరు. ఏప్రిల్ 8న, క్రయోశాట్-2 ఎగిరి సరిగ్గా మూడేళ్ళయిన రోజున, లండన్ విక్టోరియా ప్రాంతంలో ఆమె సైకిలు మీద పనికి వెళుతుండగా లారీ ఢీకొన్నది. ఆమె వయసు 35. గురువు, శిష్యురాలు నూరు రోజుల వ్యవధిలో పోయారు. మన 'సరళ్' పైకి పోయింది ఈ రెండు మరణాల మధ్యకాలంలోనే.

పెరిగిన సంగతీ దాచలేదు

పని ఆగలేదు. అదే కాలేజీలో డాక్టరేటు చేస్తున్న రేచల్ టిల్లింగ్ క్రయోశాట్-2 తీసిన 8 కోట్ల 80 లక్షల కొలతలను సాపుచేసి 2015లో ఫలితం ప్రకటించారు. 2010 నుంచి 2012 వరకు మంచు పరిమాణం 14 శాతం తగ్గింది. 2013 వేసవి చల్లగా ఉండటంతో ఆ శరత్కాలంలో అంతకుముందు సగటుకంటె 33 శాతం ఎక్కువగా కనిపించింది. మంచు తగ్గిందంటేనే పెద్ద అక్షరాలు పడే రోజుల్లో, పెరిగిందని తన లెక్క చెప్పినప్పుడు ఆమె ఉన్నదున్నట్టు రాయటం మెచ్చుకోదగినది. అయితే ఒక ఏడు చెరువు నిండినంత మాత్రాన కరువు తీరినట్టు కాదు. మొత్తంమీద తరుగుదల నిజమేనని దీర్ఘకాలపు లెక్కలు చెబుతూనే ఉన్నాయి.

అదే సంవత్సరం ఆ కాలేజీకే చెందిన థామస్ ఆర్మిటేజ్, ఆండీ రిడౌట్ మన సరళ్ కొలతలను క్రయోశాట్-2 కొలతల పక్కన పెట్టి చూశారు. సరళ్ లోని ఫ్రెంచి రాడార్ 'ఆల్టికా' తరంగం పొట్టిది. అది మెత్తటి మంచు పైభాగానికి దగ్గరలోనే ఆగిపోతుంది. క్రయోశాట్ తరంగం ఇంకా లోతుకు దిగుతుంది. అందుచేత ఒకే చోట సరళ్ చూపిన ఎత్తు ఎక్కువగా ఉంది. ఈ తేడాలోనే ఆ పొర మందం దాగి ఉంది. జైల్స్ విమానం కొలతలలో వెతికిన చిక్కుముడి శ్రీహరికోట నుంచి పోయిన రాడార్ సాయంతో కొంత వదులైంది.

వేసవి కొలతలు మాత్రం చాలాకాలం కుదరలేదు. కరిగిన నీరు మంచుమీద మడుగులు కడుతుంది. రాడార్‌కు ఆ మడుగూ, పగులులోని నీరూ ఒకటిగానే తోస్తాయి. కంప్యూటరుకు తేడా నేర్పించి, ఏడాది పొడవునా మందం లెక్క కట్టటం 2022లో గాని సాధ్యపడలేదు.

వానలతో సంబంధం మీద కూడా పరిశోధన సాగుతున్నది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు నార్వే వారితో కలిసి 2021లో ఒక వ్యాసం ప్రకటించారు. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గటానికీ, సెప్టెంబరులో మధ్య భారతంలో కురిసే కుంభవృష్టికీ సంబంధం ఉండవచ్చునని అందులో సూచించారు. మన నెల్లూరు సీమకు ఈశాన్య ఋతుపవనాలే ఆధారం కనుక దీనిని నేరుగా మన చెరువులకు అన్వయించుకోరాదు.

రెండు ఉపగ్రహాలు వేరువేరు రోజుల్లో వేరువేరు దారుల్లో పోతుంటే వాటి కొలతలు కలపటం కష్టం. అందుకని పొట్టి తరంగాన్నీ, లోతుకు దిగే తరంగాన్నీ ఒకే ఉపగ్రహంలో అమర్చాలని ఐరోపా అంతరిక్ష సంస్థ నిర్ణయించింది. దాని పేరు 'క్రిస్టల్'. నిర్మాణానికి 2020లో ఒప్పందం కుదిరింది.