జంట మాటలు: ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి?

1960 మార్చి 31 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో తాలూకా. మర్నాడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడితే అందులోకి చేరింది. పొలాలు ఉన్నచోటే ఉన్నాయి, కాగితాల భాషే మారుతూ వచ్చింది. తాతల దస్తావేజు తెలుగులో, తండ్రులది తమిళంలో, పిల్లల ఉద్యోగ ఒప్పందం ఇంగ్లీషులో ఉన్న తెలుగు ఇళ్లు అక్కడ ఉన్నాయి. ఆ మూడో కాగితంలో మన పిల్లల్ని తికమకపెట్టేవి 'నల్ అండ్ వాయిడ్' లాంటి జంట మాటలు. బరువుగా వినిపిస్తాయని వాటిని సొంత దరఖాస్తుల్లోకీ ఎత్తేస్తుంటారు. ఏ జంటలో ఒకే అర్థం ఉందో, ఏ జంటలో రెండున్నాయో వాళ్లకు తెలియడం అవసరం.

1066: మాట పక్కన మాట

ఆ ఏడాది నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. కోర్టుల్లో ఫ్రెంచి, లాటిన్ నడిచాయి. జనం మాట్లాడేది ఇంగ్లీషు. వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చేసరికి 1362 అయింది. ఇన్ని భాషల నడుమ రాసేవాళ్లకు ఒక మాట పక్కన ఇంకో భాష మాటను చేర్చడం అలవాటైంది. జంటలు పెరగడానికి ఇదొక కారణం. వీలునామాలోని 'విల్ అండ్ టెస్టమెంట్' అలాంటిదే: విల్ ఇంగ్లీషు మాట, టెస్టమెంట్ లాటిన్ నుంచి వచ్చింది.

13, 11: ఒక్క మాట చాలు

మన రాజ్యాంగం 13వ అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాన్ని 'వాయిడ్' అంటుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 11వ సెక్షన్‌లో 'నల్ అండ్ వాయిడ్' అని ఉంటుంది. రెండు చోట్లా తేలేది ఒకటే: చెల్లదు.

మీ పాస్‌పోర్టు తీసి చూడండి. 'లెట్ ఆర్ హిండ్రెన్స్' లేకుండా పోనివ్వమని ఉంటుంది. ఇక్కడ 'లెట్' అంటే పాత ఇంగ్లీషులో అడ్డంకి. హిండ్రెన్స్ అన్నా అదే. ఆ వెంటనే వచ్చే 'అసిస్టెన్స్ అండ్ ప్రొటెక్షన్' మాత్రం సాయం, రక్షణ అనే రెండు వేర్వేరు సంగతులు.

1965: మూడు వలయాలు

'లా అండ్ ఆర్డర్', 'పబ్లిక్ ఆర్డర్' ఒకటే అనుకుంటాం. సోషలిస్టు నేత రామ్ మనోహర్ లోహియా నిర్బంధ ఉత్తర్వులో అధికారులు మొదటిది రాశారు. ఆ నిర్బంధానికి ఆధారమైన నిబంధనలో ఉన్నది రెండోది. ఆ తేడాను సుప్రీంకోర్టు తేలిగ్గా తీసుకోలేదు. జస్టిస్ హిదయతుల్లా మూడు వలయాలు ఊహించుకోమన్నారు: వెలుపల 'లా అండ్ ఆర్డర్', దాని లోపల 'పబ్లిక్ ఆర్డర్', నట్టనడుమ దేశ భద్రత. మెజారిటీ తీర్పుతో లోహియా విడుదలయ్యారు. మాట మారితే మనిషి స్వేచ్ఛే అటూ ఇటూ అవుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి జంట కనిపించినప్పుడల్లా ఒక మాట తీసేసి చదవండి. అర్థం చెక్కుచెదరకపోతే మీ రాతలో ఒక్కటే ఉంచండి. ఏమాత్రం తగ్గినా రెండూ ఉండాల్సిందే. 'హెయిర్స్ అండ్ అసైన్స్'లో మొదటివాళ్లు వారసులు, రెండోవాళ్లు ఆ హక్కును రాయించుకున్నవాళ్లు. ఒకటి కొట్టేస్తే ఒక వర్గం మనుషులే కాగితంలోంచి జారిపోతారు.

ఈ జాగ్రత్త మనకు కొత్త కాదు. పాత తెలుగు దస్తావేజుల్లో 'హక్కు భుక్తాలు' అని రాసేవారు. పట్టా ఒకరి పేర, సాగు ఇంకొకరి చేతిలో ఉన్న పొలాలు చూసినవాళ్లు వాళ్లు. అందుకే హక్కూ రాయించారు, అనుభవమూ రాయించారు.