మీకు తెలుసా? హార్డ్ డిస్క్ లేకుండానే కంప్యూటర్ నడుస్తుంది!

స్విచ్ వేయగానే కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు సర్వర్‌ను పలకరిస్తుంది. సర్వర్ దానికో ఐపీ అడ్రసు ఇస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్‌ను పంపుతుంది, మిగతా ఫైళ్లనూ తన దగ్గర్నుంచే అందిస్తుంది. బడిలో పిల్లల ముందుండేది తెర, కీబోర్డు, మౌస్. అసలు పనంతా సర్వర్‌దే. ఇలా నడిచే కంప్యూటర్‌నే థిన్ క్లయింట్ అంటారు.

లినక్స్‌లో ఈ పద్ధతికి పేరు తెచ్చింది లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్ (ఎల్‌టీఎస్‌పీ). అమెరికాకు చెందిన జిమ్ మెక్‌క్విలన్ 1999లో దీన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. అప్పటి నెట్‌వర్క్ కార్డుల్లో చాలావాటికి సొంతంగా బూట్ చేసే శక్తి లేదు. అందుకని ఈథర్‌బూట్ అనే బూట్ కోడ్‌ను ఫ్లాపీలో ఎక్కించి పని కానిచ్చేవారు! అలా మూలపడిన పెంటియం కంప్యూటర్లు మళ్లీ తరగతి గదికెక్కాయి. బడుల కోసమే కే12ఎల్‌టీఎస్‌పీ అనే లినక్స్ వచ్చింది. 2005లో ఎడ్యుబుంటు అనే లినక్స్ కూడా ఎల్‌టీఎస్‌పీని తనలో కలుపుకుంది.

మన దగ్గరా ఇలాంటి ఆలోచనే నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పరికరాలను ఎంచుకున్నారు. ఒక్క కంప్యూటర్‌ను పలువురు పంచుకోవడమే కిటుకు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సొంతం, ఓపెన్ సోర్స్ కాదు.

థిన్ క్లయింట్ పద్ధతిలో లోపం లేదా? ఉంది. సర్వర్ మొరాయిస్తే గదంతా ఆగిపోతుంది. అయినా అనంతపురం లాంటి కరువు జిల్లాలో, డబ్బుకు ఇబ్బందిపడే బడికి ఇంతకన్నా చవకైన దారి దొరకడం కష్టం.

2019లో కొత్తగా తిరగరాసిన ఎల్‌టీఎస్‌పీ ఇప్పటికీ ఉచితమే. మీ బడిలో పాత కంప్యూటర్లుంటే తూకానికి వేసే ముందు దీన్నొకసారి ప్రయత్నించండి.