మృగము లేని వేట

కనుమనాడు అహోబిలమున చెంచులు విల్లెక్కుపెట్టి పల్లకివైపు బాణములు విడుతురు. ఆ పల్లకిలో నున్నవాడు నరసింహస్వామి. ఆయన వేటకు బయలుదేరుచున్నాడు. అది మొదలు సుమారు నలువది దినములు అళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పదికి పైబడిన గ్రామములలో పల్లకి తిరుగును. దీనికే పరువేట యని పేరు. చెంచులయింటి యల్లుడు తన కల్యాణమునకు ఊరూరను తానే వచ్చి పిలుచుచున్నాడని ప్రజల భావన. ఈ వేటలో మృగము లేదు. బాణము తగులవలెనని కోరువారును లేరు. ఈ సంగతి బోయీలకు దెలియును, చెంచులకు దెలియును, అరుగులమీద నిలిచి చూచు పసివారికిని దెలియును. అయినను దానిని అబద్ధమని యెవ్వరు ననరు.

కట్టుకథ విషయమున మాత్రము మనకీ యుదారత లేదు. ‘కథలు చదివి చెడిపోవుచున్నాడు’ అని కుఱ్ఱవాని చేతిలోని నవలను లాగికొను పెద్దలు ప్రతి వీధిలోను గలరు. జరుగనిదానిని చదువుట కాలము పాడుచేయుటయే యని వారి తీర్పు. ఈ తీర్పుపై అపీలు గలదా యని విచారింతము.

హాలెండు దేశపు చరిత్రకారుడు హైజింగా 1938లో ఆటను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆటకు తనదైన చోటు, తనదైన వేళ, తనదైన కట్టుబాటు నుండునని ఆయన మతము. అందు నాకు మిక్కిలి నచ్చిన మాట యొకటి గలదు: దొంగాట యాడువానిని తోడివారు కొంత సహింతురు గాని, ఆటనే చెడగొట్టువానిని సహింపరు. మొదటివాడు పైకైనను నియమము నొప్పుకొనుచున్నాడు. రెండవవాడు చెడుగుడు నడుమ నిలిచి, ‘ఇది మట్టిలో గీచిన గీతయే గదా, దాటిన నేమి?’ అనును. ఆ మాట నిజమే. ఆ నిజముతో ఆట ముగిసిపోవును.

కథకును ఇట్టి గీత గలదా? అళ్లగడ్డకు పొరుగున నున్న నంద్యాలతో సంబంధము గల కావ్యమొకటి దీనికి సమాధానము చెప్పుచున్నది. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమును రచించి నంద్యాల కృష్ణరాజునకు అంకిత మిచ్చెను. కథ కవి కల్పించినది. కలభాషిణి యను వేశ్య నలకూబరుని వలచి రంభరూపము దాల్చును. మణికంధరుడు నలకూబరుని రూపము దాల్చును. మాయారంభకు మాయానలకూబరుడు దొరకును; ఇద్దరును మోసగించిరి, ఇద్దరును మోసపోయిరి. పిమ్మట అసలు రంభ యెదురుపడగా ఎవరు నిజమైన రంభ యని యిరువురును వాదులాడుదురు. చదువరికి నవ్వు వచ్చును. వలచినది రూపమునా, మనిషినా యను ప్రశ్నయు ఆ నవ్వులోనే ముల్లువలె గ్రుచ్చుకొనును.

సూరన మొదటి యాశ్వాసములలో చిక్కులు వేసి, ఎంతో దూరము నడచిన పిదపగాని వానిని విప్పడు. ఇంగ్లండులో నాక్సు అను మతాచార్యుడు 1929లో అపరాధపరిశోధక కథలకు పది నియమములు వ్రాసెను. నేరస్థుడు కథ తొలిభాగముననే కనబడవలె ననునది వానిలో మొదటిది. సూరన యా నియమములు ఎఱుగకయే చదువరితో న్యాయముగా నాడెను. (పాత్రల పేర్లు కాగితముపై వ్రాసికొనక కొందఱకు తప్పదు, ఆ దోషము కవిదే.) కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 నాటి కవిత్వతత్త్వ విచారమున ఈ కావ్యమునే ప్రధానముగా పరీక్షించిరి. నవల చవకగా దొరకుట దోషము గాదు. కడపటి ప్రకరణమున క్రొత్తవానిని తెచ్చి హంతకుడని చూపు నవల తన గీతను తానే దాటినది. దానిని నిరభ్యంతరముగా లాగికొనవచ్చును.

కళాపూర్ణోదయపు చిక్కులకు మూలము ఒక సరసము. బ్రహ్మ సరస్వతితో ప్రణయవినోదమున నుండి, కళాపూర్ణుడను రాజు కలుగునని యొక కథ అప్పటికప్పుడు కల్పించి చెప్పును. అది తమ సరసమునకే మాఱువేష మని ఆమె కనిపెట్టును. అయినను చెప్పినవాడు బ్రహ్మ. ఆ మాట తప్పదు. కథలోనివారు భూమిపై పుట్టి, చెప్పినట్లే బ్రదుకవలసివచ్చెను. అబద్ధమాడువాడు గీతను దాచును. కథకుడు మన యెదుటనే గీచి, తానును దానికి లోబడును. సృష్టికర్తకును ఇందు మినహాయింపు దొరకలేదు.

నవలను లాగికొను పెద్దమనిషి సయితము, పరువేట పల్లకి తన వీధికి వచ్చినప్పుడు ప్రక్కకు తొలగి దారి యిచ్చును. వేటకు పోవు స్వామికి ఆలస్యమగునని.