ముద్రణ దోషం – నాణెం విలువ

లోకంలో లోపమున్న వస్తువుకు వెల తగ్గుతుంది. నాణేల సేకరణలో మాత్రం టంకశాలలో జరిగిన పొరపాటే ఒక్కొక్కప్పుడు వెలను పెంచుతుంది. అయితే వింతగా కనిపించినదంతా ముద్రణ దోషం కాదు.

లోహపు బిళ్లను రెండు అచ్చుల నడుమ బలంగా నొక్కినప్పుడు నాణెం రూపొందుతుంది. బిళ్ల పక్కకు జరిగితే ముద్ర ఒక అంచుకు ఒరుగుతుంది. ముందటి నాణెం అచ్చుకు అంటుకొని ఉండిపోతే, దాని బొమ్మ తరువాతి బిళ్లపై తిరగబడి పల్లంగా పడుతుంది. ఇవి నిజమైన దోషాలు. చలామణిలో అరిగినవి, సుత్తిదెబ్బకు వంగినవి ఈ కోవకు చెందవు.

నాణెంపై సంవత్సరం కింద కనిపించే నక్షత్రం హైదరాబాదు టంకశాల గుర్తు మాత్రమే. 2006 నుండి కొన్ని నోట్ల వరుస సంఖ్యలో చేర్చిన నక్షత్రం, ముద్రణలో చెడిన నోటుకు బదులుగా వచ్చినదని తెలుపుతుంది.

దోషం నిజమైనదే అయినా, దాని అరుదుదనం, నాణెం స్థితి, కోరేవారి సంఖ్య వెలను నిర్ణయిస్తాయి. ప్రకటనలో అడిగిన ధర కంటె, వాస్తవంగా అమ్ముడుపోయిన ధరయే ప్రమాణం. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలకు తన పేరు చెప్పి రుసుములు వసూలు చేసే మోసగాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించింది. పరీక్షించే చూపు లేనివారికి ఆశయే నష్టహేతువు.