ఒంట్లో కొవ్వెంత? నీళ్లెంత?

ఆసుపత్రిలో బరువు చూసే మిషను ఎక్కారు. ముల్లు 75 దగ్గర నిలిచింది. "అమ్మో, ఇంత కొవ్వా!" అని బెంబేలు పడకండి. ఆ 75 కిలోల్లో ఎముకలున్నాయి, కండ ఉంది, కొవ్వు ఉంది, నీళ్లున్నాయి. దేని బరువెంతో ముల్లు చెప్పదు.

ఆడమనిషి బరువులో దాదాపు సగం నీళ్లే. నాలుగు కిలోల కండలో మూడు కిలోలు నీళ్లుంటాయి. కొవ్వులో నీళ్లు చాలా తక్కువ. అందుకే లావుగా ఉన్నవాళ్ల బరువులో నీళ్ల వంతు తగ్గుతుంది.

మన అనంతపురం ఎండల్లో మట్టిపనికి పోయినామె పొద్దున 75 కిలోలుంటే మధ్యాహ్నానికి 74 కావచ్చు. కిలో కొవ్వు కరిగిందా? లేదు. అది చెమట. లీటరు నీళ్లంటే కిలో బరువు. తాగితే మళ్లీ వస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే వారాలు పడుతుంది. సన్నబడతామని దాహం చంపుకుని ఎండలో పనిచేస్తే వడదెబ్బ తగులుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మూత్రం కొంచెంగా, ముదురు పసుపుగా వస్తుంటే ఒంట్లో నీళ్లు తగ్గాయని గుర్తు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలతోనూ ముల్లు దిగుతుంది. పోయేది నీళ్లు. కొవ్వు ఎక్కడిదక్కడే ఉంటుంది.

కొందరికి నాలుగు రోజుల్లోనే రెండు మూడు కిలోలు పెరుగుతుంది, కాళ్లు ఉబ్బుతాయి. ముంగాలి మీద బొటనవేలితో నొక్కి చూడండి. గుంట పడి అలాగే నిలిస్తే అది నీరు. గుండెలోనో మూత్రపిండాల్లోనో జబ్బు ఉండవచ్చు. డాక్టరుకు చూపించాలి. గర్భిణికి ముఖం, చేతులు ఉబ్బి తలనొప్పి వస్తే ఆ రోజే వెళ్లాలి.

కొవ్వును కొలిచే మిషన్లు పట్నాల్లో ఉన్నాయి. బోరు వేసేముందు భూమిలోకి కరెంటు పంపి నీళ్లు వెతకడం మీలో చాలామంది చూసే ఉంటారు. (కొబ్బరికాయ పట్టుకుని చూడటం వేరే సంగతి!) ఇదీ అలాంటిదే. ఉత్తకాళ్లతో నిలబడితే ఒంట్లోకి చాలా కొద్ది కరెంటు పోతుంది. మనకు తెలియను కూడా తెలియదు. నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వులో పారదు. దాన్నిబట్టి మిషను నీళ్లెన్నో లెక్కవేసి, ఆ నీళ్లను బట్టి కొవ్వెంతో చెబుతుంది. దాహంతో పోయి నిలబడ్డారా, కొవ్వు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బాగా లావున్న వాళ్ల విషయంలో లెక్క ఇంకా తప్పుతుంది. బోరు పాయింటు లాగే ఇదీ అంచనానే. గుండెకు కరెంటు మిషను పెట్టించుకున్నవాళ్లు దీన్ని ఎక్కకూడదు.

మిషను లేకున్నా దర్జీ టేపు చాలు. ఊపిరి వదిలి, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య చుట్టూ కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు, దాటకూడదు. మగవాళ్లకు 90. దాటితే షుగరు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ.

సన్నగా ఉన్నాం, మాకెందుకు అనకండి. పుణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ తమనే కొలుచుకుని 2004లో ఆ సంగతి రాశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానమే. కొవ్వు మాత్రం లండన్ ఆయనకు నూటికి 9 వంతులు, మనాయనకు 21.

బరువు నెలకోసారి చూసుకోండి. ఎప్పుడూ ఒకే మిషను మీద, పొద్దున్నే, ఏమీ తినకముందు చూడాలి. బరువు, దాని పక్కన నడుము కొలత, తేదీ మీ నోటుపుస్తకంలో మీరే రాసుకోండి.